మూడింటికి వేడెక్కే కార్డు

రిపేరు బాబాయ్‌కి,

మీ పక్క జిరాక్స్ షాపు ఆవిడ కూతుర్ని. ప్లీజ్, అమ్మకి చెప్పొద్దు. అన్నయ్య పోయి ఏడు నెలలైంది కదా, అప్పట్నుంచీ వాడి గదికి తాళమే. కంప్యూటర్ మాత్రం అమ్మ ఆపనివ్వదు. నేను డూప్లికేట్ తాళంచెవి చేయించుకున్నా. రోజూ పది నిమిషాలు వాడి వీడియోలు చూస్తా, అంతే. నిన్న వెనకాల నెట్ వైరు పెట్టే చోట చెయ్యి చురుక్కుమంది. అది తగలబడితే వాడి గొంతు ఇంకెక్కడా లేదు. ఏం చెయ్యాలి?

భయంతో,
చిట్టి

తా.క. జవాబు మీ మీటరు బాక్సులో పెట్టండి. ఈ కాగితం చింపెయ్యండి. చిన్న ముక్కలుగా.

చిట్టితల్లికి దీవెనలు.

కంగారుపడకు. కార్డు మీద వేడి కొలిచే సెన్సర్ ఉంటుంది. కమాండ్లు కొట్టే నల్ల స్క్రీన్ తెరిచి ‘సెన్సర్స్’ అని కొట్టు, ఎంతుందో రాయి. తర్వాత కంప్యూటర్ ఆపి, కార్డు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెయ్యి.

బాబాయ్

తా.క. చింపాను. ముక్కలు మీ అమ్మే ఊడ్చింది. ఏంటివని అడిగితే కరెంటు బిల్లన్నాను.

బాబాయ్,

గుడ్ న్యూస్! తొంభై ఎనిమిదే ఉంది. అమ్మకి జ్వరం తగ్గినప్పుడు డాక్టర్ గారు తొంభై ఎనిమిదంటే నార్మల్ అన్నారు. హమ్మయ్య! కార్డు కూడా తుడిచా. కంప్యూటర్ ఆపలేదు, అమ్మకి తెలిసిపోతుందని. ఫొటో మీద ఎంత దుమ్మో! తుడవగానే అన్నయ్య మొహం బయటికొచ్చింది. కాసేపు ఏడ్చి, మళ్ళీ మానిటర్‌కే తగిలించా.

థాంక్స్‌తో,
చిట్టి

తా.క. మెడలో వేసుకుని కూడా చూశా. చల్లగానే ఉంది.

ఓసి పిచ్చితల్లీ!

నువ్వు తుడిచింది వాడి కాలేజీ కార్డే! నేను చెప్పింది పెట్టె లోపలుండే నెట్‌వర్క్ కార్డు. ఆ తొంభై ఎనిమిది సెంటీగ్రేడు, టీ కాగే వేడి! ఇంక దేన్నీ ముట్టుకోకు. సెలవులే కదా, గంటకోసారి ఎంతుందో చూసి రాయి, చాలు.

బాబాయ్

తా.క. ఆ ఫొటో తుడిచినందుకు మాత్రం నిన్నేమీ అనను.

బాబాయ్,

మూడు రోజులు చూశా. పొద్దున్నంతా యాభై అయిదు. మూడవగానే ఎగబాకి తొంభై ఆరు. నాలుగు దాటాక మళ్ళీ దిగిపోతోంది. రోజూ ఇంతే. నేనేమీ ముట్టుకోలేదు, ఒట్టు. గదిలో ఎవరూ లేరు. అన్నయ్య కాలేజీ నుంచి వచ్చేది మూడింటికే. ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ ఇలాంటివి నమ్మకూడదని తెలుసు. అయినా అడుగుతున్నా. వాడేనా?

చిట్టి

తా.క. వాడే అయితే బాగుచెయ్యొద్దు.

చిట్టీ,

రెండు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకు తిరిగి, ఇవాళ నా చేతికిచ్చాడు మీ బాబాయ్. “తల్లికీ మాటిచ్చాను, పిల్లకీ మాటిచ్చాను. ఇంక నావల్ల కాదొదినా” అన్నాడు.

మూడింటికి వచ్చేది నేనేనే. షాపులో జనం ఉండని గంట అది. షాపు కంప్యూటర్లోంచే నెట్ మీద ఇంట్లో కంప్యూటర్ తెరుచుకునేలా బాబాయే కలిపిపెట్టాడు. వాడి వీడియోలు చూస్తూ కూర్చుంటాను. నువ్వు చూస్తే బెంగపెట్టుకుంటావని గదికి తాళం వేశాను. ఆ వీడియోలన్నీ నెట్‌లో ఇక్కడికి రావడానికే ఆ కార్డు అంత కాగుతోందట, పక్కనున్న ఫ్యాను ఆగిపోయుంటుందట, సాయంత్రం వచ్చి మారుస్తాడు. తాళం నేనే తీసేస్తాను.

వాడనుకున్నావు. నేనైపోయాను. ఏమనుకోకమ్మా.

అమ్మ

తా.క. వాడు బాత్రూం బకెట్ వాయిస్తూ పాడింది చూశావా? ఎంత ఘోరంగా పాడాడే! ఆ మాట అనుకుని నవ్వుకుందామన్నా ఇన్నాళ్ళూ నాకు ఎవరూ లేరు.