నా మాత్రల డబ్బా జోలికి రావద్దు

బావా, పొయ్యి మీద అన్నం ఉంది, వేడి చేసుకుని తిను. మన పెద్దదాన్ని బడి నుంచి తీసుకురా. నేను అమ్మతో మళ్ళీ రక్తపరీక్షకి వెళ్తున్నా.

నా ఒంట్లో సి విటమిన్ తక్కువగా ఉందట. ఇలాగే ఉంటే ఉమ్మనీటి సంచి ముందే పగిలే ప్రమాదం పెరగొచ్చని డాక్టరమ్మ అన్నారు. "మాత్రలు వాడుతున్నావా?" అని అడిగారు. పుల్లగా బాగున్నాయని మా బావే చప్పరించేస్తున్నాడని ఎలా చెప్పను? "డబ్బా అయితే ఖాళీ అవుతోందండీ" అన్నా. అబద్ధం కాదుగా.

కొత్త డబ్బా బీరువాలో పెట్టి తాళంచెవి తీసుకెళ్తున్నా. కోపం కాదు. తుమ్మాలన్నా భయంగా ఉంది, అందుకని.

మరిచా. బిడ్డ నెలలు నిండి చేతికొచ్చాక మిగిలిన మాత్రలన్నీ నీకే. అప్పటిదాకా ఆగు. కడుపులో ఉన్న బిడ్డకీ అదే చెప్తున్నా.