అమ్మ సంవత్సరీకం, నా గుండు సంగతి

హైదరాబాదు

అన్నకు,

తమ్ముడు శ్రీను నమస్కారం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేనూ లలితా పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ వదినా పిల్లలూ కూడా బాగున్నారనే అనుకుంటున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? కొమరోలులో మన వీధి బోరు పోస్తున్నదా, మళ్ళీ ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూర్చోవడమేనా? ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. నా పనికి ఎండ మంచిదే కాబట్టి తిట్టుకోవడానికి కూడా లేదు.

మొన్ననే ఫోనులో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏందిరా అంటావు. "వచ్చే నెల అమ్మ సంవత్సరీకం. అయ్యగారితో మాట్లాడినా. లలితను, పాపను పిల్చుకొని ముందురోజే వచ్చెయ్యి. మంగలికి కూడా చెప్పి పెట్టినా" అన్నావు నువ్వు. నేను సరే అన్నా అని పెట్టేశాను. ఆ సరే ఊరికే నోటితో అన్నది. నాకు అడ్డం వచ్చింది ఆ మంగలి మాటే. ఫోనులో చెప్పలేక ఇట్లా కాగితం మీద పెడుతున్నాను. వదినకు ఇప్పుడే చెప్పవద్దు. ముందు నువ్వొక్కడివే చదువు.

నా ఉద్యోగం సంగతి నీకు సగమే తెలుసు. ఏసీలు బాగుచేసే కంపెనీలో నెల జీతానికి చేరాను కదా. కొన్నాళ్ళకు మమ్మల్నందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, సమోసాలు పెట్టి, ఇకమీదట మీరు మా ఉద్యోగులు కారు, మా పార్టనర్లు, ఎవరి పనికి వాళ్ళే ఓనరు అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా గట్టిగానే కొట్టాను. ఇంటికొచ్చి చెబితే లలిత "ఓనరుగారూ, చేతులు కడుక్కోండి, అన్నం పెడతా" అని ఆటపట్టించింది. ఆ రోజు నుంచి జీతం లేదు, సెలవు లేదు, తిట్టే సూపర్‌వైజరు కూడా లేడు. ఏ ఇంటికి పోవాలో ఫోను చెబుతుంది. పొద్దున్నే ఫోనుకు మొహం చూపించాలి. వాళ్ళ దగ్గరున్న ఫోటోతో మొహం సరిపోతేనే ఆ రోజు పని ఇస్తుంది. మొదట్లో బాగానే ఉంది అన్నా, అబద్ధమెందుకు. ఎవరి కిందా లేననే గర్వం కూడా కొంచెం ఉండేది.

అమ్మ పోయినప్పుడు నేను కర్మకు కూర్చోవడానికి వెనకాడితే నువ్వేమన్నావో గుర్తుందా? "నాయనకు పెద్దోడిని నేను చేసినా. అమ్మకు చిన్నోడే చెయ్యాల. కూర్చోరా" అని భుజం పట్టి కూర్చోబెట్టావు. గుండు చేయించుకుని, మీసం తీయించుకుని, అన్నీ చేసి, దినాలు అయ్యాక హైదరాబాదు తిరిగి వచ్చాను. మర్నాడు పొద్దున ఫోనుకు మొహం చూపిస్తే సరిపోలేదంది. వెలుతురు తక్కువేమో అని వాకిట్లోకి పోయి చూపించాను. టోపీ పెట్టుకుని చూపించాను. చివరికి లలిత తన కాటుక పెన్సిల్‌తో నాకు మీసం దిద్దింది. దానికీ ఒప్పుకోలేదు. నా మొహం చూసి లలితకు నవ్వు ఆగలేదు, నాకూ ఆగలేదు. నవ్వి నవ్వి ఎప్పుడు ఏడుపులోకి పోయామో తెలియదు. పాప వచ్చి ఏమైంది నాన్నా అని అడిగింది.

కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. అమ్మ చనిపోయింది, గుండు చేయించుకున్నాను, అందుకే మొహం కలవడం లేదు, ఎవరైనా మనిషిని చూడమనండి అని చెప్పాను. "మీరు మా స్టాఫ్ కాదు కదండీ, పార్టనర్. మీకు మేము సెలవు ఇచ్చేది ఉండదు. జుట్టు వచ్చాక మళ్ళీ ట్రై చేయండి" అంది. ఆ వెంటనే "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అని అడిగింది. ఆ అమ్మాయిని ఏమనాలి? ఆమెకు అంతవరకే నేర్పించి ఉంటారు.

నాయన పోయినప్పుడు నేను మార్కాపురంలో మస్తాన్‌భాయ్ రిపేరు దుకాణంలో జీతానికి ఉన్నాను కదా. ఆయన షట్టర్ దించి బస్సెక్కి మనింటికి వచ్చి, చాప మీద అమ్మ ఎదురుగా చాలాసేపు కూర్చుని పోయాడు. నేను మళ్ళీ దుకాణానికి పోయిన రోజు "ఈ పొద్దు స్పానర్ పట్టొద్దులే, ఊరికే కూర్చో. నాయనకు ఏమైందో చెప్పు" అన్నాడు. చెప్పి ఏడ్చి తేలికపడ్డాను. పలకరించడమంటే అంతే కదా అన్నా. అమ్మ పోయాక ఇక్కడ నన్ను పలకరించడానికి ఎవరూ రాలేదు. రావడానికి నాకు ఓనరు లేడు, తోటి పనివాళ్ళు లేరు. నేను రాకపోతే ఆ పని వేరే ఫోనుకు పోతుంది, అంతే.

జుట్టు కొంచెం మొలిచేదాకా తెలిసిన మెకానిక్ వెంట సామాను మోస్తూ తిరిగాను. నీకు మాత్రం పని బాగా ఉందని చెబుతూ వచ్చాను. తర్వాత ఒక పొద్దున ఫోను ఒప్పుకుంది. మొదటి ఇంటికి పోతే ఆ ఇంటామె నా తల చూసి "తిరుపతి పోయొచ్చావా బాబూ, లడ్డూ తేలేదా" అంది. అవునమ్మా, ప్రసాదం అయిపోయింది అన్నాను. ఆ మాట అన్నందుకు ఆమె ఇంటి ఏసీ విప్పుతున్నంతసేపూ అమ్మను తలుచుకుని సిగ్గుపడ్డాను. ఆమె మీద నాకు కోపం లేదు. గుండు చూస్తే మనమైనా తిరుపతే అనుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంకొక్కసారి మొహం సరిపోకపోతే నా పేరు పూర్తిగా తీసేస్తామని ఫోనులో మెసేజ్ పెట్టారు. అమ్మ తిథి సరిగ్గా నడిఎండల్లో వస్తుంది. ఈ ఎండల్లో చేసిన పనితోనే మాకు ఏడాదంతా గడవాలి. పాప బడి కూడా దానిమీదే. మార్కాపురం తిరిగి వద్దామంటే మస్తాన్‌భాయ్ దుకాణం ఎత్తేశాడాయె.

లలిత వెళ్ళి గుండు చేయించుకునే రా అంటుంది. తర్వాత సంగతి తర్వాత చూద్దామంటుంది. అది అట్లా అన్నందుకే నాకు ఇంకా భయం వేసింది. అమ్మ నా తలకు నూనె రాస్తూ, "బాగా పెంచురా చిన్నోడా. నేను పోయిన పొద్దు మంగలికి చేతినిండా పని ఉండాల" అని నవ్వేది. నువ్వు పక్కనే ఉండి ఆ మాటలేందమ్మా అని కసిరేవాడివి. ఆమె దగ్గర ఆ ఒక్క పనికి నేను ఒప్పుకున్నవాణ్ణి. అదే ఇప్పుడు చెయ్యలేనని రాస్తున్నాను.

పెదనాన్నకు, పిన్నికి నా నమస్కారాలు. మస్తాన్‌భాయ్ కనిపిస్తే అడిగానని చెప్పు. వదినను కాస్త చింతపండు తీసి పెట్టమను, ఇక్కడిది పులుపే లేదు. మేము ముగ్గురం తప్పకుండా వస్తాం, ముందురోజుకే వస్తాం. అందులో అనుమానం పెట్టుకోవద్దు.

నాకు సెలవు ఇచ్చే మనిషి ఇక్కడ లేడు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. తిరుపతి కొండ మీద ఆడవాళ్ళు మూడు కత్తెర్లు ఇస్తారే, నాకు అట్లా కుదురుతుందేమో అయ్యగారిని అడుగు. నవ్వినా సరే, తిట్టినా సరే, అడుగు. కుదరదంటే పీట మీద నువ్వే కూర్చో. చిన్నకొడుకు ఉండి కూడా పెద్దోడు చేస్తున్నాడేందని ఎవరన్నా అంటే ఏదో ఒకటి చెప్పు. నేను నీ పక్కన నేల మీద కూర్చుంటాను. అమ్మకు నీళ్ళు వదిలేటప్పుడు మాత్రం నీ చేతి కింద నా చెయ్యి పెట్టుకోనివ్వు.

నీ దీవెన కోరుకునే తమ్ముడు,
శ్రీను