మాలకొండమ్మ తిట్టడం మానేసింది

ఉప్పుటేటిపాళెం, బోగోలు దగ్గర
ఆగస్టు, 1962

గ్రామసేవిక పుష్పకుమారి గారికి పోలేరయ్య దండాలు పెట్టి రాయించేది. అందరం క్షేమమని మొదలుపెట్టబోయిన అబ్రహాము పంతులు చెయ్యి పట్టుకుని నేనే ఆపాను. ఇక్కడ క్షేమం లేదమ్మా.

పోయిన నెల మీరు సమితి ఆఫీసు నుంచి వచ్చి, మా పాళెంలో ముసలి మొగుడూ పెళ్లాలను వలలు ఆరేసే చోట కూర్చోబెట్టి, ఈ వయసులో ఒకరితో ఒకరు తియ్యగా మాట్లాడుకోవాలని చెప్పి పోయారు. ఆ మర్నాటి నుంచి మా ఇంటిది మాలకొండమ్మ నన్ను తిట్టడం మానేసింది. తెప్ప మీద చెయ్యి వేస్తే చాలు, "మెల్లంగా పోయిరాయ్యా, నీళ్లు జాగర్త" అంటుంది. ఆ మాట వినగానే తెప్ప వదిలి ఇంటికి వచ్చేస్తున్నాను. ఆమె మనసులో ఏముందో కనుక్కుని చెప్పండి. నాకు ప్రాణభయం పట్టుకుంది.

ఇట్లు,
పోలేరయ్య వేలిముద్ర

తా.క. నిన్న పులుసులో చేప తల నాకే వేసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆ తల నా కంచంలోకి రావడం ఇదే మొదలు.

*

సమితి ఆఫీసు
ఆగస్టు, 1962

శ్రీ పోలేరయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. నా ఉపన్యాసంతో ఒక ఇల్లు బాగుపడటం ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. భయపడకండి. అలవాటు లేని సుఖం మొదట్లో అలాగే ఉంటుంది. ఇక మీ వంతు. ఆమె వంట మెచ్చుకోండి. నీళ్ల బిందె మీరు మోయండి. పేరు పెట్టి ప్రేమగా పిలవండి.

మీ మేలు కోరే,
పుష్పకుమారి

తా.క. ఆదర్శ దంపతులుగా మీ పేర్లు పైకి పంపాను. ఫొటో తీయడానికి మనిషి వస్తాడు. దయచేసి చొక్కా తొడుక్కోండి.

*

ఉప్పుటేటిపాళెం
సెప్టెంబరు, 1962

పుష్పకుమారి గారికి పోలేరయ్య మొర.

మీ మాట విని మునిగాను తల్లీ. బిందె మోశాను. పాళెమంతా బయటికొచ్చి చూసింది. పులుసు బాగుందన్నాను. "మాలకొండా" అని పిలిచాను. ఆమె చేతిలో గరిటె జారి పడింది. నా నుదురు తాకి చూసి, "ఏందయ్యా, నీకేం కనపడింది?" అని ఏడ్చి, దిష్టి తీసి, తాయెత్తు కట్టింది. ఇప్పుడు నన్ను చూసి ఆమె, ఆమెను చూసి నేను వణుకుతున్నాం.

మీరు పట్నం మనిషి, మీకు తెలియనట్టుంది. మా పాళెంలో సముద్రానికి పోయే మొగుణ్ణి పెళ్లాం ఒడ్డున నిలబడి తిట్టి పంపాలి. ముద్దుగా పంపితే, వీడు ఇంట్లో కావలసిన మనిషని సముద్రానికి తెలిసిపోతుంది, ఉంచేసుకుంటుంది. "పో! మళ్లా రాబాక! నీ వలలో రాళ్లు పడ!" అని ఆమె అరిచి పంపిన ప్రతిసారీ నేను తిరిగొచ్చాను. ఇప్పుడు మెల్లంగా పోయిరమ్మంటోందంటే అర్థమేమిటి? నన్ను సముద్రానికి ఇచ్చేయాలనే కదా! ఆమెకు నేనేం చేశానమ్మా?

ఇట్లు,
బతికున్నంత వరకు మీ పోలేరయ్య

తా.క. ఫొటో కోసం పంతులు తన చొక్కా ఇచ్చాడు. తొడుక్కుంటే మాలకొండమ్మ "ఎంత బాగుండావయ్యా" అంది. వెంటనే విప్పేశాను.

*

సమితి ఆఫీసు
సెప్టెంబరు, 1962

శ్రీ పోలేరయ్య గారికి,

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. నా ఉపన్యాసం వల్ల మీకేమైనా అయితే నేనేం కావాలి? తియ్యగా మాట్లాడమన్న మాట మీ ఇంటి వరకు వెనక్కి తీసుకుంటున్నాను. మాలకొండమ్మ గారు ఇకనుంచి మిమ్మల్ని తప్పక తిట్టవలసింది. ఈ సంగతి ఆమెకు చెప్పి, మీరు ధైర్యంగా వేటకు వెళ్లండి.

క్షమాపణలతో,
పుష్పకుమారి

తా.క. ఫొటోలో మీరు అంత బెదిరినట్టున్నారేమని పైవాళ్లు అడిగారు. ఆనందమని రాశాను.

*

ఉప్పుటేటిపాళెం
సెప్టెంబరు, 1962

పుష్పకుమారమ్మకు మాలకొండమ్మ రాయించేది. పంతులూ, నేను చెప్పింది చెప్పినట్టే రాయి.

నీ ఉత్తరం పంతులు ముందుగా నాకే చదివినాడు. మా ఆయనకు చదవబాకని పంతులు చేత బైబిలు మీద ఒట్టేయించినా.

ఆ రోజు నువ్వు చెప్పిందేదీ నేను వినలా తల్లీ. గాలి చల్లంగా ఉంటే నిద్రపోయినా. నేను తిట్టడం మానింది వేరే సంగతికి. నువ్వొచ్చిన పొద్దే ఆయన తెప్ప దిగి వస్తా, ఎదురుగా నిలబడిన నన్ను దాటిపోయి, ఎవరో ఆడమనిషిని నేననుకుని "గంప పట్టుకోవే" అన్నాడు. చూపు పోతా ఉండాది. ఎవరికీ చెప్పడు. అల కనపడని మనిషి తెప్ప ఎక్కితే ఏమవుతాడో నీకు చెప్పాల్నా? వద్దంటే పంతానికైనా పోతాడు. నేను తిట్టకపోతే మాత్రం కదలడు. అందుకే తియ్యంగా మాట్లాడతా ఉండా. పేరు పెట్టి పిలిచినాడే, ఆ పొద్దు ఆయనకు తన చావు ముందే తెలిసిపోయిందేమోనని నా గుండె ఆగిపోయింది.

ముసలోళ్లు తెప్ప ఎక్కగూడదని సర్కారు చెప్పిందని ఆయనకు రాయమ్మా. తిట్టమని మాత్రం రాయబాక. నాకూ భయమే. ఏ పొద్దైనా మొండికేసి, నా తియ్యమాట మీదనే పోయినాడంటే? అందుకే ఆయన ఒడ్డుకు పోతే నేనూ ఎనకనే పోతా ఉండా, నోట్లో ఒక తిట్టు పెట్టుకుని. తెప్ప నీళ్లలో పడిందంటే ఆ తిట్టు తిడతా. ఆయన తిరిగి రావాల గదా.

మాలకొండమ్మ వేలిముద్ర

తా.క. రాసినవాడు అబ్రహాము. ఆ తిట్టు ఏమిటని అడిగాను. చెప్పింది. రాయడానికి నా చెయ్యి రాలేదు గానీ, అది వింటే ఏ సముద్రమూ ఆయన్ను ఉంచుకోదు.