శాలువాతో కలిపి అందరూ ఉన్నారు

నవంబరు 9, ఆదివారం

పది నిమిషాలు కాదు. గంట పైన. "చిన్న కన్‌ఫ్యూజన్, పది నిమిషాల ఆలస్యం" అని క్లబ్ సెక్రటరీ బస్సు దిగుతూ అందరికీ చెప్పాడు. మనిషిని హైవే మీద పెట్రోల్ బంకులో వదిలేసి పోవడాన్ని కన్‌ఫ్యూజన్ అనరు. ఆ మనిషిని నేను.

మా రిటైరైనవాళ్ళ క్లబ్ పూలతోట చూసి తిరిగి వస్తోంది. బంకు దగ్గర ఆపారు. బాత్రూముకి పెద్ద క్యూ, నేను ఆఖరిదాన్ని. బయటికి వచ్చేసరికి బస్సు ఉండాల్సిన చోట డీజిల్ మరక ఉంది.

బ్యాగూ ఫోనూ బస్సులోనే. బంకు క్యాషియరమ్మ తన ఫోన్ ఇచ్చింది. నాకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, మా ఇంటి ల్యాండ్‌లైన్. కోడలు ఎత్తింది. బంకులో ఉన్నానంటే, బస్సులో కదా ఉండాలి అత్తయ్యా అంది. నేనూ అదే అనుకున్నానమ్మా అన్నాను. తను సెక్రటరీకి ఫోన్ చేశాక బస్సు వెనక్కి తిరిగింది. అంతవరకూ ఇంజనాయిల్ డబ్బాల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని. దారి తప్పిన మేకలా.

బస్సులో తలలు లెక్కపెట్టేది లెక్కల మాస్టారు. నేను దిగేటప్పుడు శాలువా నా సీట్లో కుప్పగా పెట్టి, పైన ఎండ టోపీ పెట్టాను. ఆయన దాన్ని నేననుకున్నారు. శాలువాతో కలిపి అందరూ ఉన్నారు.

పక్క సీట్లో ఉన్నది మా ఆయనే. నేను ముందుకెళ్ళి నర్సమ్మ పక్కన కూర్చున్నాననుకున్నారట. అప్పుడప్పుడూ వెళ్తుంటాను, అబద్ధమేం కాదు.

నవంబరు 10

నడుం పట్టేసింది. కోపం నడుంలోకి దిగినట్టుంది.

నవంబరు 12, బుధవారం

క్లబ్‌లో క్యారమ్స్. నేను గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, "బంకు మేడమ్ వచ్చేశారు, లెక్క సరిపోయింది" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు, పళ్ళు కనపడకుండా. శాలువాకీ మనిషికీ తేడా తెలియనాయన జోకులు వేయడం, ఈయన నవ్వడం.

సెక్రటరీ కొత్త రూలు పెట్టాడు. ఇకపై టూర్లలో ప్రతివాళ్ళకీ ఒక పార్ట్‌నర్. పార్ట్‌నర్ కనపడకపోతే చెయ్యెత్తాలి. నా పార్ట్‌నర్‌గా మా ఆయన్నే వేశాడని వేరే చెప్పాలా.

నవంబరు 15, శనివారం

నర్సమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఎవరి నడక తేడాగా ఉన్నా కనిపెట్టేస్తుంది. మీవారి కాళ్ళలో రక్తం సరిగ్గా ఆడటం లేదేమో, చూపించండి అంది. ఎందుకలా అంటున్నారని అడిగితే, ఆ రోజు బస్సు బంకు నుంచి బయల్దేరగానే ఆయన ముందుకి వచ్చారట. నర్సమ్మ పక్క సీటు ఖాళీగా ఉండటం చూశారట. డ్రైవరు దాకా వెళ్ళి, నోరు తెరిచి, మూసుకుని వెనక్కి పోయారట. కాసేపాగి మళ్ళీ వచ్చారట. ఏమైందండీ అంటే, ఏం లేదమ్మా, కాళ్ళు సాగదీస్తున్నాను అన్నారట.

ఇంటికొచ్చి అడిగాను, నేను బస్సులో లేనని ఎప్పుడు తెలిసిందని. పేపరు నాలుగు మడతలు పెట్టారు. ఇంకో మడత పెట్టారు.

"అందరూ కునుకు తీస్తున్నారు. గట్టిగా అరిస్తే బాగోదని."

కునుకు.

ఈ ఇంట్లో ఆయన నోరు ఇన్నాళ్ళూ నేనే. టైలరు ప్యాంటు పొట్టిగా కుడితే నేను వెళ్ళాలి. ఇంటివాడు నీళ్ళు కట్టేస్తే నేను వెళ్ళాలి. ఆఫీసులో ఈయన గీసిన బ్రిడ్జి డ్రాయింగు మీద ఇంకోడు సంతకం పెట్టుకుంటే, ఇంజనీరు గదిలోకి వెళ్ళి అరిచింది నేను. ఈయన బయట బెంచీ మీద కూర్చున్నారు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషని నలుగురిలో మురిసిపోతూ చెప్పుకునేదాన్ని. అది మంచితనమనుకున్నాను. ఒకవైపు హైవే మీద పెళ్ళాం, ఇంకోవైపు ఊరివాళ్ళ నిద్ర. తూచి చూసుకుని, వెళ్ళి కూర్చున్నారు.

నవంబరు 16

మాట్లాడటం మానేశాను. ఆయన గమనించేసరికి సాయంత్రమైంది.

నవంబరు 19

ఆదివారం రైల్వే మ్యూజియం టూరు. నేను వస్తానో రానో కోడలి చేత అడిగించారు. మీ మావయ్యగారికి నోరుంది కదా, అడగమను అన్నాను. వచ్చారు. గుమ్మంలో నిలబడి, కర్టెన్ సరిచేసి, వెళ్ళిపోయారు.

నవంబరు 23, ఆదివారం

వెళ్ళాను. మానేస్తే బంకు మేడమ్ భయపడిందంటారు.

ఆయన ఎప్పటిలా వెనకాల కూర్చున్నారు, పక్క సీటు చేత్తో తుడిచి మరీ. నేను వెళ్ళి నర్సమ్మ పక్కన కూలబడ్డాను. తిరుగు ప్రయాణంలో టీకి ఆపినప్పుడు, ఆయనకి ఎదురుపడటం ఇష్టంలేక గబగబా తాగేసి ముందు తలుపు నుంచి ఎక్కాను. ఈసారి డ్రైవరు వెనక ఒంటి సీట్లో కూర్చున్నాను. ఆనుకునే వైపు ఎత్తుగా ఉండే సీటు, వెనకనుంచి చూస్తే తల కూడా కనపడదు. మాస్టారు లెక్కపెట్టి రైట్ అన్నారు. బస్సు కదిలింది.

"ఆపండి!"

ఎవరి గొంతో తెలియలేదు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా.

"ఆపవయ్యా బస్సు! మా ఆవిడ ఎక్కలేదు!"

డ్రైవరు బ్రేకు తొక్కాడు. సెక్రటరీ కప్పులోని టీ సెక్రటరీ ప్యాంటు మీదికి వచ్చింది. టీకి దిగకుండా నిద్రపోతున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు. మాస్టారు ఉన్నారండీ, లెక్క సరిపోయిందండీ అంటున్నా ఆయన వినడం లేదు. ఆ లెక్క ఎవడికి కావాలయ్యా అంటూ, సీట్లు పట్టుకుంటూ ముందుకి వస్తున్నారు.

నేను చెయ్యెత్తితే సరిపోయేది. ఎత్తలేదు. నర్సమ్మ నన్ను చూసి ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాను. మళ్ళీ అరిచారు. మొదటిదానికన్నా బాగుంది.

ఆయన మెట్టు దిగి తలుపు లాగుతుంటే, ఇక్కడున్నాను అన్నాను.

తలుపు వదిలి నావైపు తిరిగారు. "ఉన్నదానివి ఉన్నానని చెప్పడానికేం" అన్నారు, అందరూ వింటుండగా. నామీద గొంతు లేపారు. నాకు ఒళ్ళు మండింది. లేచి ఆయన వెంట వెనక సీటుకి వెళ్ళి, ఇల్లు చేరేదాకా పోట్లాడాను. ఆయనా తగ్గలేదు. నేను టైలరు దగ్గర్నుంచి బంకు దాకా ఒక్కటీ వదల్లేదు. బస్సులో ఎవరికీ కన్ను మూతపడలేదు.

నవంబరు 24, ఉదయం

ఆయన గొంతు పూర్తిగా పోయింది. కాఫీ కావాలని బల్ల మీద తడుతున్నారు. కోడలు మందుల షాపుకి వెళ్తే గొంతు బిళ్ళలు తేవాలి, పంచదార లేనివి, రెండు స్ట్రిప్పులు. ఒకటి నాకు. షాపువాడు పిప్పరమెంటువి అంటగడితే అక్కడే తిరిగి ఇచ్చేసి రావాలి.