ఎర్రమ్మ కొడుకు

ఆళ్లగడ్డ,
14-11-2009.

చిరంజీవి ప్రేమ్ సాగర్‌కు మీ నాయన మోషే దీవించి రాయడమేమనగా, దేవుని కృపతో ఈడ మేమంతా బాగుండాము. నువ్వు బొంబాయిలో వేళకు తింటా, ఒళ్ళు చూసుకుంటాండావని తలుస్తాను.

నీ జాబు అందింది. మీ అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగినావు. నంద్యాల డాక్టరు ఇచ్చిన మాత్రలతో కొంచెం మేలు. చర్చికి నడిచే పోతాంది. మీ చెల్లెలు సౌజన్యకు బనగానపల్లె బళ్ళో టీచరు ఉద్యోగం ఖాయమైంది. నీ చెవి వాపు తగ్గిందా? ఆ ఇనుప జాలీ లోపల గుద్దుడు, తన్నుడు, గొంతు పట్టు అన్నీ ఒప్పుకుంటారని రాసినావు. డ్రిల్లు మాస్టరుగా ముప్పై ఏండ్లు కుస్తీ నేర్పినోన్ని, నాకే ఆ ఆట సగం అర్థం కాదు. అయినా వరసగా తొమ్మిది పోటీలు గెలిచినావంటే ఊర్లో రొమ్ము విరుచుకుని తిరిగినా. అబద్ధం ఎందుకు?

"టీవీలో చూసినారా నాయనా" అని అడిగినావు. చూసినాం. ఆ ఆదివారం మీ అమ్మ చర్చిలో లేచి నిలబడి, "మా వాడు టీవీలో వస్తాండాడు, అందరూ మా ఇంటికి రండి" అని సాక్ష్యం చెప్పింది. ఇల్లంతా జనం. నిన్ను 'నల్లమల పులి' అన్నారు. నువ్వు మైకు పట్టుకుని హిందీలో మాట్లాడినావు. మీ అమ్మ "ఏమంటాండాడే?" అంటే సౌజన్య, "ఏం లేదుమ్మా, అందరికీ వందనాలు చెప్తాండాడు" అనింది. నాకు అర్థమయింది కదప్పా! అమ్మానాయనా లేరని నువ్వంటే, నంద్యాల బస్టాండులో ఉర్దూ మాటలు వింటా పెరిగినోనికి తెలీదా? నువ్వు అడవిలో పుట్టినావంట. పన్నెండేండ్లకే, జ్వరమొచ్చిన తల్లిని వీపున ఏసుకుని ఆత్మకూరు ఆసుపత్రికి నడిస్తే దోవలోనే పానం పోయిందంట. ఓడిపోతే ఏడ్చేదానికి కూడా నీకు ఎవరూ లేరంట. నా పక్కన మీ అమ్మ చప్పట్లు కొడతానే ఉంది.

ఎంత పని చేసినావురా! నీ పోటీల మేనేజరు చెప్పమన్నాడని రేపు రాస్తావు. వాడు చెప్పమంటే నీకు నోరు ఎట్లా వచ్చింది? ఆ కత నీది కాదు, మేనేజరుది అంతకన్నా కాదు. మిషన్ హాస్టల్లో ఉండి, మనింట్లో నీతో ఒకే పళ్ళెంలో తిన్న మల్లికార్జునది. ఆ చచ్చిపోయిన తల్లి ఎర్రమ్మ.

బుధవారం మల్లికార్జున వచ్చినాడు. ప్రతి ఏడు మాదిరే మీ అమ్మకు తేనె సీసా తెచ్చినాడు. ఇప్పుడు అడవిలో మంటలు రాకుండా కాచే కూలి పని చేస్తాండాడు. ఆత్మకూరులో టీ హోటల్ టీవీలో నిన్ను చూసినాడంట. వాకిట్లో నాతో అన్నాడు: "సార్, కుస్తీ అడిగినారు, ఇచ్చినా. మాయమ్మను గూడా అడగాల్సింది కదా సార్. అడక్కుండా ఎత్తుకపోయినాడు."

కుస్తీ ఇచ్చేదేందో నీకు తెలీదు. పదకొండేండ్లు దాచినా, ఇప్పుడు చెప్తా. నంద్యాల సెలెక్షన్లో గెలిచినోన్ని కుస్తీ శిక్షణకు పూణే పంపిస్తామన్నారు. ఆఖరి కుస్తీ మీ ఇద్దరికీ పడింది. వాన్ని చిత్తు చేసినావని ఇప్పటికీ అనుకుంటాండావు. లేదప్పా. నీ ఒక భుజం అప్పటికే మట్టికి ఆనింది. రెండోది కూడా ఆని నువ్వు ఓడబోతాంటే, నేను తుండును ఎడమ భుజం మీద నుంచి కుడి భుజం మీదికి మార్చుకున్నా. వాడు పట్టు వదిలేసినాడు. ఆ సైగ ముందురోజే నేను వానికి చెప్పింటి. "ప్రేమ్ ఓడిపోతే వాళ్ళమ్మ ఏడుస్తాది. నువ్వు ఓడిపోతే ఏడ్చేటోళ్ళు ఎవరున్నారప్పా?" అని అడిగినా. అన్నం పెట్టినోడు అడిగితే వాడేం చేస్తాడు? తల ఊపినాడు. అదే మాట నువ్వు టీవీలో అంటాంటే నా చెంప మీద కొట్టినట్టయింది.

నేనూ మోసం చేసినోన్నే. అయినా మేము బతికుండంగానే లేరని చెప్పినావే, దానికి నా కడుపు మండుతానే ఉంది.

నిన్న మీ అమ్మకు అంతా చెప్పినా, నీదీ నాదీ. గోడ మీద నీ ఫోటో తీయలేదు. "వానికి నేర్పింది నువ్వే కదా" అనింది నాతో.

రేపు ఆదివారం చర్చిలో నేను లేచి నిలబడతా. మల్లికార్జునను కూడా రమ్మని చెప్పి పంపినా. నా సంగతి వాని ముందరే చెప్తా. నీకు వచ్చే నెల మళ్ళీ పోటీ ఉందంటివి. మళ్ళీ మైకు ఇస్తారు. ఎర్రమ్మ ఎవరి తల్లో ఆ మైకులోనే చెప్పు. ఆమెను ఆమె కొడుక్కు ఇచ్చేయ్. ఆ రోజు నువ్వు గెలిచినా ఓడినా, ఏడ్చేదానికి మీ అమ్మ ఈడ టీవీ ముందర కూర్చోనుంటాది.

ఇట్లు,
ఇంకా బతికే ఉండే మీ నాయన,
మోషే.