తూగు డబ్బాకు కట్టిన సీసపు గుళ్ళు

భీమడోలు,
14-07-2025, సోమవారం.

చిరంజీవి విజయదుర్గకు, నీ తోటికోడలు కనకరత్నం దీవించి రాయించే ఉత్తరం.

ఇక్కడ నేను క్షేమం అని రాయమంటే ఎదురింటి టైలరు తులసి నా మొహంలోకి చూసింది. రాయవే, ఉత్తరం అలాగే మొదలెట్టాలి అన్నాను. నీ పేరు ముందు అలవాటుకొద్దీ లక్ష్మీ సౌభాగ్యవతి అని పైకి పలుకుతూ పెట్టబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాను.

పుట్టింటికి వెళ్ళినప్పటి నుంచీ ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. నాకు అక్షరం రాదు గాని నోరుంది. నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట తగ్గించను, ఒక్క మాట కలపను అని తులసి చేత ఒట్టు వేయించుకుని మరీ చెబుతున్నాను.

మీ అన్నయ్య హరిప్రసాద్ నిన్న తాడేపల్లిగూడెం నుంచి వచ్చాడు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. ఆదివారం మనుషుల్ని తెచ్చి పెరట్లో చేపల తొట్టి పగలగొట్టిస్తాం, నడిమధ్య గోడ లేపుతాం, ఆ తూగు డబ్బా పాత ఇనుముకి వేసేస్తాం, చెల్లెలు చెప్పమంది అన్నాడు.

పాత ఇనుముకా దుర్గా? అది నీ మొగుడి చేతి పని. పద్మనాభం నీకు మొగుడు కాకముందు, నేను ఈ ఇంట కాలు పెట్టిన నాటికి, చొక్కా గుండీలు పెట్టుకోవడం రాని పిల్లాడు. నా చేతి ముద్దలు తిని పెరిగిన వాడు. నీకెంత పోయిందో నాకూ అంతే పోయింది. కొలిచి చూసుకుందాం రా.

ఆ డబ్బా ఎందుకు పుట్టిందో మర్చిపోయావా? మోటారు నీళ్ళ దగ్గర మనిద్దరికీ రోజూ తగువే. అక్కయ్యా, మీ పాదులు తాగాక మిగిలితే మాకు వదులుతారు కదండీ అని నువ్వు తియ్యగా పొడిచేదానివి. వదలక నీళ్ళు మూట కట్టుకుపోతానా అని నేను. మేత దుకాణం నుంచి అలిసి వచ్చినవాడు మన మధ్య నిలబడి తల పట్టుకునేవాడు. చివరికి తొట్టి కట్టి శీలావతి చేప పిల్లల్ని వదిలాడు. ఆ చేపల నీళ్ళు పారడానికి గులకరాళ్ళు పోసి నీకొక మడి, నాకొక మడి చేశాడు. మట్టి లేకుండా వంగ మొక్క బతుకుతుందిట్రా అని నేను నవ్వాను. బతికింది.

నీళ్ళు పంచడానికి నూనె డబ్బాను నిలువునా కోసి, మధ్యలో రేకు అడ్డం పెట్టి, సైకిల్ ఇరుసు మీద ఉయ్యాలలా నిలబెట్టాడు. పైనుంచి గొట్టం నీళ్ళు ఒక అరలో పడతాయి. అర నిండితే బరువుకి అటు ఒరిగి ఆ మడిలో కుమ్మరిస్తుంది. అప్పుడు రెండో అర గొట్టం కిందికి వస్తుంది. ఒక విడత నీకు, ఒక విడత నాకు. ఒరిగినప్పుడల్లా టక్కుమని మోగేది. వినండి, ఇది దుర్గది, ఇది వదినది, ఇక ఈ ఇంట్లో నీళ్ళ పేరెత్తితే నేను కాశీ పోతాను అన్నాడు. నిజంగానే పోయాడు, కాశీకి కాదు.

ఇక అసలు సంగతి. వైశాఖంలో ఆ డబ్బాకు నా వైపు అంచున, వలకు కట్టే సీసపు గుళ్ళు కట్టి ఉండటం చూశావు. బరువు పెట్టి డబ్బాను తన వైపు లాగించుకుంది, నీళ్ళన్నీ తనకే అనుకున్నావు. ఆ పొద్దున వాడితో పోట్లాడావు. వాడు టిఫిన్ తినకుండా దుకాణానికి వెళ్ళాడు. మేత బస్తా దింపుతూ దింపుతూ కూలిపోయాడు. పెద్దకర్మ నాడు విస్తళ్ళ ముందు అందరూ వింటుండగా, నాలుగు చెంబుల నీళ్ళ కోసం మా ఆయన్ని మింగావు అన్నావు. అంతవరకూ నన్ను మీరు అనే పిలిచినదానివి. మింగావు అన్నందుకు కాదు, ఆ నువ్వుకి నా ప్రాణం చివుక్కుమంది.

గుళ్ళు నేనే కట్టించాను. ఎందుకని అడగకు, చెప్పను. నన్ను నీళ్ళదొంగ అనుకో, ఊరంతా చెప్పుకో. నా వయసుకి కొత్తగా పోయే పరువేం లేదు. నా వైపు మడిలో తోటకూర మోకాలెత్తు ఉంది, నాకే లోటూ లేదు.

కానీ ఆ డబ్బా జోలికి వస్తే ఊరుకోను. ఆదివారం గడ్డపార పట్టుకుని ఎవడు వస్తాడో రానీ, తొట్టి గట్టు మీద కూర్చుంటాను. నన్ను దాటి వెయ్యాలి మొదటి దెబ్బ. మీ అన్నయ్యకి ఈ మాట గట్టిగా చదివి వినిపించు.

దుర్గా, ఆ టక్కు ఆగిపోతే ఈ ఇంట్లో చప్పుడు చేసేది ఇంకేం లేదు. మీ బావగారు పోయినప్పుడు నా పక్కన పడుకున్నదానివి నువ్వే. ఇప్పుడు నీ పక్కన ఎవరు పడుకుంటున్నారు?

నీ వంకాయలు కోతకొచ్చాయి. ముదిరిపోకముందే వచ్చి కోసుకో. నాతో మాట్లాడకపోయినా సరే.

ఇట్లు,
నీ అక్క
కనకరత్నం (వేలిముద్ర)

తా.క. దుర్గక్కా, ఇక్కణ్ణుంచి తులసిని. పెద్దమ్మకు ఉత్తరమంతా వేలిముద్ర దాకా చదివి వినిపించాను. ఇది మాత్రం వినిపించను. ఒట్టు తప్పుతున్నాను.

ఆవిడ వైపు మడిలో తోటకూర లేదు. రాళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఆ డబ్బా దగ్గర నేను నిలబడి చూశాను. ఆ గుళ్ళ బరువుకి, చెంబెడు నీళ్ళు పడగానే ఆవిడ వైపు అర ఒరిగిపోతోంది. మీ అర మాత్రం అవతలి బరువును లేపాలి గనక అంచుదాకా నిండితే గాని ఒరగదు. బరువు ఆవిడ వైపు, నీళ్ళు మీ వైపు. వైశాఖం ఎండకి గోడవారనున్న మీ మొక్కలు వాడుతున్నాయని, మీరు వాటి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకోవడం చూసి, పెద్దమ్మే మరిదిగారి చేత అలా కట్టించిందట. మీకు చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకుందట.

ఆ పొద్దున ఆయన వెళ్తూ పెరటి గుమ్మం దగ్గర ఆగి నవ్వారట. దుర్గ బాగా తిట్టింది వదినా, పోనివ్వండి, సాయంత్రం నీళ్ళు పట్టి చూపిస్తే తనే నవ్వుతుంది అన్నారట. మీ మీద కోపంతో పోలేదక్కా ఆయన.

గుళ్ళ సంగతంతా ముందు పెద్దమ్మే చెప్పింది, పై ఉత్తరంలోనే నేను రాశాను. అంతలోనే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి, కొట్టెయ్యవే తులసీ, ఇది తెలిస్తే ఆఖరి రోజున అన్యాయంగా తిట్టానని అది కుమిలి చస్తుంది, నన్ను తిట్టుకుంటేనన్నా ఇంత అన్నం తింటుంది అంది.

ఆవిడ చూస్తుండగా కొట్టేశాను. ఇక్కడ మళ్ళీ రాశాను.