వీధి పొడవునా పడుగు

గద్వాల, శ్రావణ శుక్రవారం

నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ప్లేగుకు జడిసి అందరూ పోయిననాడు ఈ సాలె వీధిలో మోగింది నా మగ్గమొక్కటే. ఇప్పుడిప్పుడే ఇళ్లు నిండుతున్నాయి. ఇంతలో షావుకారు వీధికి అడ్డంగా బండ్ల కొట్టం కడతానని గుంజలు దింపాడు. అడ్డం కడితే పడుగు దారాలు ఎక్కడ సాగదీయాలి? పొద్దున్నే ఆడవాళ్లను పిలిచి ఈ కొస నుంచి ఆ కొసకు పడుగు పరిచి గంజి పట్టించాను.

"అవ్వా, జర దారియ్యి!"

"తడి పడుగు తొక్కుతవా షావుకారీ? నీ బిడ్డ పెండ్లి చీరె గిదే!"

వీధంతా నవ్వింది. గుంజలెత్తించుకుని పోయాడు. మళ్లీ వస్తాడేమోనని దిగులే... అయినా రేపు వీధిలో పడుగు పరిచే వంతు మాదంటే మాదని పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ కొట్లాడుకుంటున్నారు. ఎన్నాళ్లకు విన్నానీ కొట్లాట!